బోనస్ ఒకరి నెత్తిన, ఆటగాడు ఇంకొకరి చేతిలో: ఆన్‌లైన్ లీగుల్లో క్యాప్ మోసం

ఆన్‌లైన్‌లో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ సిమ్యులేషన్ లీగ్‌లో ఒక్కో టీమ్‌ను ఒక్కో ఓనర్ నడుపుతాడు. అలాంటి ఒక ఓనర్ ఫ్రీ ఏజెన్సీలో, అంటే ఏ టీమ్‌తోనూ ఒప్పందం లేని ఆటగాళ్ల మార్కెట్‌లో, మంచి పాస్ రషర్‌ను (ఎదుటి క్వార్టర్‌బ్యాక్ మీద పడే ఆటగాడిని) తీసుకుంటాడు. నాలుగేళ్ల ఒప్పందం, జీతం ఏడాదికి 15 లక్షల డాలర్లు, సంతకానికి ఇచ్చే సైనింగ్ బోనస్ మాత్రం 4 కోట్ల డాలర్లు. వారం తిరక్కుండానే ఆ ఆటగాడిని ఒక ఆరో రౌండ్ పిక్‌కు (డ్రాఫ్ట్‌లో కొత్త ఆటగాడిని ఎంచుకునే, పెద్దగా విలువ లేని వంతుకు) ఇంకో టీమ్‌కు ఇచ్చేస్తాడు. అసలు అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ నియమం ప్రకారం బోనస్ భారం ఇచ్చినవాడి మీదే ఉండిపోతుంది, అదీ జూన్ 1కి ముందు ట్రేడ్ చేస్తే మొత్తం ఆ ఏడాది లెక్కలోకే వచ్చి పడుతుంది. తీసుకున్నవాడు కట్టాల్సింది ఆ 15 లక్షలే. లీగ్‌లో అందరూ పోటీ పడిన ఆటగాడు అతనికి బెంచ్ మీద కూర్చునేవాడి జీతానికి దొరికాడన్నమాట. ఏ స్క్రీన్ తెరిచి చూసినా రెండు టీములూ శాలరీ క్యాప్ (ఆటగాళ్ల జీతాల మీద ప్రతి టీమ్‌కూ ఉండే ఏడాది పరిమితి) లోపలే కనిపిస్తాయి, విడివిడిగా చూస్తే ఏ నియమమూ తప్పినట్టు ఉండదు. అయినా అది పచ్చి మోసం. మ్యాడెన్ లాంటి ఫుట్‌బాల్ వీడియో గేమ్ అయినా, ఫ్రంట్ ఆఫీస్ ఫుట్‌బాల్ లాంటి లెక్కల ఆట అయినా, ఈ బోనస్ నియమాన్ని దించుకున్న ప్రతి లీగ్‌లోనూ దీనికి చోటుంది.

శాలరీ క్యాప్ ఎందుకు పెట్టారో ఈ ఆటలు ఆడేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఎన్ఎఫ్ఎల్‌లో 1994లో 3.46 కోట్ల డాలర్లతో మొదలై 2025కి 27.92 కోట్లకు చేరింది. 32 మంది ఓనర్లు ఉన్న సిమ్యులేషన్ లీగ్‌లో అది ఇంకా ముఖ్యం, ఎందుకంటే అక్కడ స్టేడియం లేదు, టికెట్లు లేవు, ఊరి అభిమానం లేదు, అందరికీ సమానంగా ఉన్నది ఆ ఒక్క అంకే. అది పోతే నెలల తరబడి రాత్రి నిద్ర మానుకుని ఆడినవాళ్ల కష్టం పోయినట్టే.

మరి ఎలా పట్టుకుంటున్నారు? ఇప్పుడు చాలా లీగుల్లో జరిగేది ఇది: ఎవరో ఒకరు గొడవ మొదలుపెడతాడు, డిస్కార్డ్ యాప్‌లో చాట్ స్క్రీన్‌షాట్లు తిరుగుతాయి, "మీరిద్దరూ ఫ్రెండ్స్ కదా" అని ఒకరు, "నిరూపించు" అని ఇంకొకరు, రెండు రోజులకు లీగ్ నడిపే కమిషనర్ ఒక హెచ్చరిక పెట్టి వదిలేస్తాడు. దీంతో ఎవరూ దొరకరు. మోసం చేసేవాళ్లు దాన్ని రాసి పెట్టుకోరు, ఫోన్‌లో మాట్లాడుకుంటారు. పైగా ఒకే మనిషి తమ్ముడి పేరుతో రెండో టీమ్ నడుపుతుంటే అసలు మాట్లాడుకోవాల్సిన పనే లేదు. వాళ్ల మనసులో ఏముందో నిరూపించాలని కూర్చుంటే సీజన్లు గడిచిపోతాయి.

నిజానికి సిమ్యులేషన్ లీగ్‌లో దొంగను పట్టడం అసలు లీగుల్లో కంటే చాలా తేలిక. బయటి ప్రపంచంలో డబ్బు లెక్కల బయటికి పోగలదు. ఇంగ్లండ్ రగ్బీలో సారాసెన్స్ క్లబ్ ఓనర్ నైజెల్ రే తన ఆటగాళ్లతో కలిసి వ్యాపారాల్లో పెట్టుబడులు పెట్టాడు. ఆ సంగతి ముందు పత్రికలో వచ్చింది, ఆ తర్వాతే 2019 నవంబర్‌లో 35 పాయింట్ల కోత, 53.6 లక్షల పౌండ్ల జరిమానా, చివరికి కింది డివిజన్‌కు దిగిపోవడం. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో మిన్నెసోటా టింబర్‌వుల్వ్స్ టీమ్ తన ఆటగాడు జో స్మిత్‌తో ఇంకా తెలివిగా నడిపింది. అప్పటికి మార్కెట్ ధర కంటే బాగా తక్కువకు ఏడాదికో ఒప్పందం, తర్వాత పెద్ద మొత్తం ఇస్తామని రహస్యంగా ఇంకో కాగితం. అది లీగ్ ఆడిట్‌లో దొరకలేదు, ఇద్దరు ఏజెంట్ల మధ్య కోర్టు తగాదాలో బయటపడింది. 2000లో లీగ్ 35 లక్షల డాలర్ల జరిమానా వేసి ఐదు ఫస్ట్ రౌండ్ పిక్‌లు లాగేసుకుంది, తర్వాత కొన్ని తిరిగిచ్చింది. రెండుచోట్లా అసలు లావాదేవీ లీగ్ కంటికి కనపడని కాగితాల్లో ఉంది.

సిమ్యులేషన్‌లో ఆ చాటు లేదు. అక్కడ విలువంటూ ఉన్నది ఆటగాళ్లు, పిక్‌లు, క్యాప్ ఖాళీ, అంతే. ఇవన్నీ సర్వర్ మీదే ఉంటాయి. ఒకడు ఇంకొకడికి మేలు చేయాలంటే ఈ మూడింటిలో ఏదో ఒకటి చేతులు మారాలి, మారితే లెక్కలో గీత పడాలి. మ్యాడెన్ కంపానియన్ యాప్ నుంచి లీగ్ డేటా మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. వారం వారం ఆ డేటా దాచుకుని, పోయిన వారానికీ ఈ వారానికీ ప్రతి టీమ్ క్యాప్ అంకె ఎందుకు మారిందో లావాదేవీతో జత చేయండి. జత కుదరని తేడా మిగిలిందంటే ఎవరో సెట్టింగ్స్‌లో క్యాప్ తీసేసి, సంతకాలు చేయించి, మళ్లీ పెట్టారని అనుమానించాల్సిందే.

దీనికంటే నన్ను బాగా పట్టేసిన పద్ధతి ఇంకొకటి ఉంది. టీములను ఒక్కొక్కటిగా చూడటం మానేసి జంటలుగా చూడాలి. 32 టీములంటే 496 జంటలు, ఒక స్ప్రెడ్‌షీట్‌కు అది లెక్కలోదే కాదు. ప్రతి జంట మధ్య ఇన్ని సీజన్లలో ఎటు నుంచి ఎటు ఎంత విలువ పోయిందో కూడండి. కొత్తగా వచ్చినవాడు చెత్త ట్రేడ్‌లు చేస్తాడు, నిజమే, కానీ అతని నష్టం పదిమందికీ పంచబడుతుంది. అనుభవం లేనివాడు దొరికితే లీగంతా వాలిపోతుంది, ఒకడు పిక్ పట్టుకుపోతే ఇంకొకడు కార్నర్‌బ్యాక్‌ను పట్టుకుపోతాడు. కుమ్మక్కయినవాడి నష్టం అలా చెదరదు. మిగతా 30 మందితో గీసి గీసి బేరమాడే మనిషి ఆ ఒక్కడి దగ్గరికొచ్చేసరికి మాత్రం ప్రతిసారీ చేయి చాచి ఇచ్చేస్తాడు. ఈ తేడా చూశాక నాకు చాట్ స్క్రీన్‌షాట్ల మీద ఆసక్తే పోయింది. తెలివితక్కువతనం అన్ని దిక్కులకూ పారుతుంది, కుమ్మక్కు ఒకే కాలవలో పారుతుంది.

క్యాప్ భారాన్ని వదిలించుకోవడమే తప్పు అనడం లేదు నేను. 2017లో హ్యూస్టన్ టెక్సన్స్ టీమ్ తన క్వార్టర్‌బ్యాక్ బ్రాక్ ఆస్‌వైలర్ 1.6 కోట్ల డాలర్ల జీతాన్ని వదిలించుకోవడానికి క్లీవ్‌ల్యాండ్‌కు ఏకంగా ఒక రెండో రౌండ్ పిక్ ఇచ్చింది. భారం మోసినవాడికి కూలి ముట్టింది, అదీ అందరి కళ్ల ముందు. నా పాస్ రషర్ ఉదాహరణలో 4 కోట్లు మోసినవాడికి ముట్టింది ఆరో రౌండ్ పిక్. అంత బరువు ఎందుకు ఎత్తుకున్నావని అతన్ని అడగాలి, జవాబు లేకపోతే ట్రేడ్ రద్దు చేయాలి. మనసులో దురుద్దేశం ఉందా లేదా అనేది మనకు అనవసరం.

"ఇది సరదాకు ఆడుకునే ఆట, ప్రతి ట్రేడ్‌ను పోలీసు కేసులా చూస్తే ఎవరూ మిగలరు" అంటారు కొందరు. వాళ్ల మాటలో కొంత నిజముంది, అనుమానం ముదిరిన లీగులు ఖాళీ అయిపోతాయి. కానీ అనుమానం ముదిరేది లెక్క దాచినప్పుడు. లెక్క బయట ఉంటే నిజాయితీగా తప్పు చేసినవాడికి అదే రక్షణ.

ఇక్కడే అసలు ముడి ఉంది. లెక్క ఎవరి దగ్గరుంది? కమిషనర్ దగ్గర. ఆ కమిషనర్‌కూ లీగ్‌లో ఒక టీమ్ ఉంటుంది. నేను ఆడిన ఒక లీగ్‌లో సెట్టింగ్స్ మార్చేదీ అతనే, ట్రేడ్‌లు ఆమోదించేదీ అతనే, వెళ్లిపోతున్న ఓనర్ల దగ్గర స్టార్లను కొనేదీ అతనే. మూడు సీజన్ల తర్వాత అడిగితే పాత డేటా లేదన్నాడు. నాకు కోపం కంటే దిగులు వేసింది, ఎందుకంటే ఇలాంటి చిట్టా దాపరికం మన ఊళ్లలో ఎలా విడిందో నాకు తెలుసు.

ఉపాధి హామీ పనుల మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో సామాజిక తనిఖీ మొదలైంది, 2009లో దానికోసం విడిగా ఒక సొసైటీయే పెట్టారు. మస్టర్లు తీసుకుని ఇల్లిల్లూ తిరిగారు, మండల ప్రజావేదికలో అందరి ముందూ చదివారు. ఎక్కడో ఆఫీసులో కూర్చున్న ఆడిటర్‌కు మస్టర్‌లో పేరు, వేలిముద్ర, మొత్తం అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి. ఆ వారం తను పనికి పోలేదన్న సంగతి, పక్కింటాయన ఊళ్లోనే లేడన్న సంగతి ఆ కూలీకే తెలుసు. అలా తనిఖీ జరగాలన్నది 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే రాశారు, దాని 17వ సెక్షన్ గ్రామసభకు ఆ హక్కు ఇచ్చింది. లెక్క ఎవరి గురించి రాశారో వాళ్ల చెవిన పడాలి, అది రాసినవాడికి ఎదురుగా పడాలి. ఆన్‌లైన్ లీగ్‌కూ నేను అడుగుతున్నది ఇదే: వారం వారం ఎక్స్‌పోర్ట్ అందరికీ తెరిచిన షీట్‌లో పడాలి, జంటల లెక్క సీజన్‌కు రెండుసార్లు వాయిస్ ఛానల్‌లో పైకి చదవాలి, సెట్టింగ్స్ తాళం టీమ్ లేని మనిషి దగ్గర ఉండాలి. కొత్త సీజన్‌కు డ్రాఫ్ట్ మొదలవకముందే మీ లీగ్‌లో ఈ మాట ఎత్తండి, చదవడం కమిషనర్ టీమ్‌తోనే మొదలుపెట్టమనండి.