‘కాస్త నడవండి’ అంటే చాలదు

గుండెపోటు వచ్చి, స్టెంట్ వేయించుకుని ఇంటికి బయలుదేరే రోగి చేతిలో పెట్టే కాగితాన్ని ఒకసారి నిదానంగా చదవండి. ఏ మాత్ర ఎన్ని మిల్లీగ్రాములో, ఉదయమో రాత్రో, భోజనానికి ముందో తర్వాతో, అన్నీ ఉంటాయి. వ్యాయామం దగ్గరికి వచ్చేసరికి చాలాసార్లు చివర్లో ఒక్క ముక్క కనిపిస్తుంది: ‘కాస్త నడవండి, శ్రమ పడకండి.’ ఎంతసేపు నడవాలి, ఎంత వేగంగా, ఎప్పుడు పెంచాలి, ఏ లక్షణం కనిపిస్తే ఆగిపోవాలి? ఆ కాగితం చెప్పదు. పాతికేళ్ల యువకుడికీ, యాభై ఏళ్ల ఉద్యోగికీ, ఎనభై ఏళ్ల వృద్ధురాలికీ అదే మాట. మోతాదు లేకుండా ఏ మందూ రాయని వైద్యం వ్యాయామాన్ని మాత్రం రోగి ఊహకు వదిలేస్తోంది. గుండె రోగుల పునరావాసంలో, అంటే చికిత్స తర్వాత వారిని తిరిగి మామూలు జీవితానికి తెచ్చే శిక్షణలో, అసలు లోపం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

మా నాన్నగారికి బైపాస్ అయ్యాక మేమూ ఆ మాటనే పట్టుకున్నాం. మంచినీళ్ల గ్లాసు కోసం కూడా ఆయనను లేవనివ్వలేదు. అదే ప్రేమ అనుకున్నాం. మూడో నెలలో మెట్లెక్కబోయి మధ్యలో నిలబడిపోతే గుండె మళ్లీ దెబ్బతిందేమోనని వణికిపోయాం. పరీక్షలు చేస్తే గుండె బాగానే ఉంది. చిక్కిపోయినవి కాళ్లు.

ఈ భయం మా ఇంట్లో పుట్టింది కాదు. గత శతాబ్దం మొదటి సగంలో గుండెపోటు వచ్చినవారిని వారాల తరబడి మంచం మీద కదలనిచ్చేవారు కాదు. దెబ్బతిన్న కండరం గట్టిపడేలోపు కదిలితే గుండె గోడ చిట్లిపోతుందని నమ్మేవారు. ఆ పడకలోనే కాళ్లలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి ప్రాణాలు పోయినవారున్నారు. 1952లో అమెరికా వైద్యులు శామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లౌన్ ఆ రోగులను తొలి రోజుల్లోనే మంచం దించి కుర్చీలో కూర్చోబెట్టవచ్చని రాశారు. కుర్చీలో కూర్చోవడమే సాహసమైన కాలమది! 1955లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చినప్పుడు ఆయనను చూసిన గుండె వైద్యుడు పాల్ డడ్లీ వైట్ క్రమంగా నడకకూ పనికీ మళ్లించారు. మరుసటి ఏడాది ఐసెన్‌హోవర్ మళ్లీ ఎన్నికల్లో గెలిచారు. ఇంకా వెనక్కి వెళితే, శ్రమ పడినప్పుడు వచ్చే ఛాతీ నొప్పిని 18వ శతాబ్దంలోనే వర్ణించిన ఇంగ్లండ్ వైద్యుడు విలియం హెబర్డెన్, రోజూ అరగంట కట్టెలు కోయడాన్ని నియమంగా పెట్టుకున్న రోగి ఒకరు దాదాపు కోలుకున్నారని రాసి పెట్టారు. తెలిసిన విషయాన్నే వైద్యం మధ్యలో మరచిపోయింది.

విశ్రాంతి శరీరానికి ఏం చేస్తుందో కొలిచి చూపిన ప్రయోగం 1966లో డాలస్‌లో జరిగింది. ఇరవై ఏళ్ల ఆరోగ్యవంతులైన యువకులు ఐదుగురిని మూడు వారాలు మంచానికే పరిమితం చేశారు. శ్రమ చేసేటప్పుడు శరీరం గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత అదే ఐదుగురినీ మళ్లీ పిలిచి పరీక్షిస్తే, మూడు దశాబ్దాల వయసు తెచ్చిన నష్టం ఆ మూడు వారాల పడక తెచ్చిన నష్టం కన్నా తక్కువే అని తేలింది. ఆరు నెలల క్రమబద్ధమైన శిక్షణతో ఆ వయసు నష్టం కూడా పూడింది. ఐదుగురితో చేసిన అధ్యయనం చిన్నదే, వారు గుండె రోగులూ కారు. అయినా ‘వయసు మీద పడింది కదా’ అని మనం సరిపెట్టుకునే బలహీనతలో కదలకపోవడం వాటా ఎంతో ఆలోచింపజేస్తుంది.

వ్యాయామం గుండె కండరాన్ని మాత్రమే బలపరుస్తుందని చాలామంది అనుకుంటారు. దాని మేలులో పెద్ద భాగం గుండె బయట జరుగుతుంది. కాళ్ల కండరాలు రక్తంలోని ఆక్సిజన్‌ను మరింత సమర్థంగా పీల్చుకోవడం నేర్చుకుంటాయి. రక్తనాళాల లోపలి పొర అవసరాన్ని బట్టి సాగే గుణాన్ని తిరిగి తెచ్చుకుంటుంది. నాడి వేగం తగ్గుతుంది. ఒకప్పుడు ఆయాసపెట్టిన పనికే ఇప్పుడు గుండె తక్కువ కష్టపడుతుంది. స్టెంట్ ఒకచోట దారి తెరుస్తుంది, అంతే. మిగిలిన ఈ పనులేవీ దాని చేతిలో లేవు.

వయసును బట్టి రోగి పోగొట్టుకునేదీ, తిరిగి సంపాదించుకోవలసిందీ మారిపోతాయి. పుట్టే ప్రతి వంద మంది పిల్లల్లో దాదాపు ఒకరికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. శస్త్రచికిత్స బాగా జరిగిన పిల్లవాడిని కూడా ఆటస్థలం అంచున కూర్చోబెడతారు. వైద్యుడు వద్దనకపోయినా బడి వద్దంటుంది, తల్లిదండ్రులు భయపడతారు. పదేళ్లు అలా కూర్చున్న పిల్లవాడికి తన శరీరం మీదే నమ్మకం ఉండదు. గుండె కండరం అసాధారణంగా మందమయ్యే జబ్బు, ప్రమాదకరమైన లయ లోపాలు, బాగా ఇరుకైన కవాటాలు ఉన్నవారికి హద్దులు తప్పవు. గుండె కండరానికి వాపు వస్తే మూడు నుంచి ఆరు నెలలు తీవ్రమైన క్రీడలకు దూరంగా ఉండమనడం చాలాకాలంగా ఇస్తున్న సలహా. కానీ ఆ హద్దును పరీక్షలు చేసి ఒక్కొక్కరికీ విడిగా గీయాలి. అందరినీ ఒకే గట్టు మీద కూర్చోబెట్టడం వైద్యం కాదు.

నడివయసు వారి సమస్య వేరు. స్టెంట్ పడింది కాబట్టి గుండె బాగైపోయిందని పదో రోజునే బరువులు ఎత్తేవారున్నారు. ఛాతీలో చిన్న చురుక్కుమన్నా పక్క మీదికి చేరేవారూ ఉన్నారు. భార్యాభర్తలు మళ్లీ దగ్గర కావచ్చా అన్న ప్రశ్నను ఏ రోగీ అడగలేడు, ఏ వైద్యుడూ తనంతట తాను ఎత్తడు. పరిస్థితి నిలకడగా ఉండి, రెండంతస్తుల మెట్లు ఆయాసం, నొప్పి లేకుండా ఎక్కగలిగితే సాధారణంగా భయం లేదన్న ఒక్క మాటతో ఎన్నో ఇళ్లలో నిశ్శబ్దం తొలగుతుంది. ఈ వయసువారే ఫోనులో చూసి, 220 నుంచి వయసు తీసేసి నాడి లక్ష్యం పెట్టుకుంటారు. బీటా బ్లాకర్ మాత్రలు నాడిని అణచి ఉంచుతాయి కనుక వాటిని వాడేవారికి ఆ లెక్క పనికిరాదు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. మధ్యస్థ శ్రమకు అంతకన్నా తేలికైన కొలత నాకు తెలియదు. ఛాతీ బరువెక్కినా, కళ్లు తిరిగినా, నాడి అదుపు తప్పినా వెంటనే ఆగాలి. ఆగినా తగ్గకపోతే ఆలస్యం చేయకుండా అత్యవసర చికిత్సకు వెళ్లాలి.

వృద్ధుల విషయంలో నాకు బాధ ఎక్కువ. గుండె వైఫల్యంతో, అంటే గుండె శరీరానికి చాలినంత రక్తం పంపలేని స్థితిలో, ఆసుపత్రిలో చేరిన పెద్దవారికి ‘నడవండి’ అని చెప్పి పంపడం ఒక్కోసారి ప్రమాదం కూడా. వారాల పడకతో తొడల్లో బలం, అడుగులో నిలకడ పోయాయి. నడిస్తే పడతారు, పడితే తుంటి ఎముక విరుగుతుంది. ఇలాంటివారికి నడక కన్నా ముందు నిలకడ, బలం, లేచి కూర్చోవడం నేర్పాలని 2021లో వెలువడిన రిహాబ్ హెచ్ఎఫ్ అధ్యయనం పరీక్షించింది. అందులో 349 మంది వృద్ధులు పాల్గొన్నారు. తిరిగి ఆసుపత్రిలో చేరేవారి సంఖ్య చెప్పుకోదగినంత తగ్గలేదు, ఆ మాట దాచకూడదు. కానీ వారి శారీరక సామర్థ్యం స్పష్టంగా మెరుగుపడింది. ఎనభై ఏళ్ల మనిషికి ఎవరి చేయీ పట్టుకోకుండా స్నానాల గదికి వెళ్లిరావడం చిన్న ఫలితమా?

అయినా పునరావాస కేంద్రాలకు తక్కువగా పంపేది వృద్ధులనూ మహిళలనే. ‘ఈ వయసులో ఏం వ్యాయామం’ అని ఒకరిని ఆపేస్తాం. ‘ఇల్లెవరు చూస్తారు’ అన్న ప్రశ్న మరొకరిని ఆపేస్తుంది. కేంద్రాలు అందుబాటులో లేవన్న కారణం కూడా పూర్తిగా నిలవదు. ప్రమాదం తక్కువగా ఉన్న రోగులు ఇంట్లోనే, ఫోనులో పర్యవేక్షణతో చేసిన శిక్షణకూ కేంద్రంలో ఇచ్చే శిక్షణకూ ఫలితాల్లో పెద్ద తేడా కనిపించలేదని అధ్యయనాల సమీక్షలు చెబుతున్నాయి. దీనికి కావలసింది తొలి పరీక్ష, ఒక చీటీ, వారానికోసారి అడిగే మనిషి.

మా నాన్నగారికి అలాంటి చీటీ ఆలస్యంగా దొరికింది. ఒక ఫిజియోథెరపిస్టు చేత్తో రాసి ఇచ్చారు: కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడం, చదునైన చోట ఐదు నిమిషాల నడక, రోజుకు మూడుసార్లు, వారం తర్వాత ఏడు నిమిషాలు. ఆయన దాన్ని మందుల డబ్బా మూతకు అతికించుకుని, చేసిన ప్రతిసారీ పెన్సిలుతో ఒక గీత పెట్టేవారు. చీటీ వచ్చాక రెండో నెల చివర్లో మేడ మీద అడుగుల చప్పుడు వినిపించి పైకి వెళ్లి చూస్తే, ఆయన పిట్టగోడ దగ్గర నిలబడి ఉన్నారు. ఎలా వచ్చావని అడిగితే, ‘మెట్ల మీంచే’ అన్నారు.