వేల్స్ కొండల మీద ఎండ: తక్షణం నిషేధించాల్సిన అక్రమం

వేల్స్‌లో వాకింగ్ క్లబ్బు అనే వ్యవస్థ మొత్తం వాన మీద ఆధారపడి నిలబడింది. వాన పడితే అందరూ లీడర్ వెనకాలే బుద్ధిగా నడుస్తారు, ఫొటోల కోసం ఆగరు, తిండి పది నిమిషాల్లో ముగిస్తారు, చీకటి పడకముందే ఇంటికి చేరతారు. ఇంత క్రమశిక్షణ ఉన్నచోట, ముందస్తు నోటీసైనా లేకుండా ఓ ఆదివారం ఎండ కాస్తే ఎవరు బాధ్యత వహిస్తారు?

ముందు ఎండ తీవ్రత చెప్పుకోవాలి. బ్రిటన్ వాతావరణ శాఖ లెక్కలో వేల్స్‌లో వరసగా మూడు రోజులు 25 డిగ్రీలు తాకితే అది వడగాడ్పు కింద జమ. విజయవాడ వాళ్లు ఏసీ రిమోట్ మీద పెట్టుకునే అంకె అది. నవ్వేవాళ్లు నవ్వొచ్చు, కానీ దక్షిణ వేల్స్‌లోని బ్రెకన్ బీకన్స్ అనే కొండల వరసలో, గట్ల మీద ఒక్క చెట్టు నీడ చూపించి నవ్వాలి.

ఉదాహరణకి ఆ వరసలోని పెన్ అ వాన్. 886 మీటర్లు, దక్షిణ బ్రిటన్‌లో ఇంతకన్నా ఎత్తయిన శిఖరం లేదు. రోడ్డు పక్క నుంచి ఎక్కే దగ్గరి దారి ఎండ పూట జాతరే. కాబట్టి తెలిసిన క్లబ్బులు దక్షిణాన నాయెడ్ జలాశయం వైపు నుంచి గుర్రపు లాడం ఆకారంలో మూడు శిఖరాలు తిరిగొస్తాయి: కోర్న్ డీ, పెన్ అ వాన్, క్రిబిన్. దూరం 16 కిలోమీటర్లు, ఎక్కుడు 700 మీటర్లు అనుకోండి. 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు కట్టిన లెక్క ప్రకారం 5 కిలోమీటర్లకి గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. అంటే దాదాపు నాలుగున్నర గంటలు. పాపం నైస్మిత్ ఈ లెక్కలో సన్‌స్క్రీన్ పూసుకునే సమయం, జాకెట్ విప్పి నడుముకి కట్టుకునే సమయం, శిఖరం గుర్తు పక్కన ఫొటోకి క్యూలో నిలబడే సమయం వేయలేదు. ఎండ రోజున ఇంకో గంటన్నర కలుపుకోవడం లీడర్ ధర్మం.

అసలు అన్యాయం కుడి చెవికి జరుగుతుంది. పొద్దున ఉత్తరానికి నడుస్తుంటే సూర్యుడు ఆగ్నేయంలో, అంటే కుడి భుజం వెనక. అక్కడి వేసవి గడియారంలో సూర్యుడు సరిగ్గా దక్షిణానికి వచ్చేది ఒకటింబావుకి, అంటే మీరు శిఖరం మీద శాండ్‌విచ్ విప్పే వేళకి. తిరుగుదారిలో మీరు దక్షిణానికి తిరిగితే ఆయన నైరుతికి జరుగుతాడు, మళ్లీ కుడివైపే. ఎడమ చెవి పొద్దుటి నుంచి ఒక్క పని చేయలేదు. గాలి చల్లగా తగులుతుంటుంది కాబట్టి కాలుతున్న సంగతి రాత్రి దిండు మీద తల పెట్టేదాకా తెలీదు. చెవి అంచుకి, మెడకి, మోకాలి వెనక మడతకి రెండు గంటలకోసారి పూయాలి. టోపీ అంచు చుట్టూరా ఉండాలి. క్రికెట్ టోపీ చెవుల్ని కాపాడదు.

నీళ్లు మనిషికి రెండు లీటర్లు. గట్టు మీద నమ్మదగ్గ ఊట ఉండదు, కింద వాగు కనిపించినా దానికి పైన గొర్రెలుంటాయి. "అర లీటర్ సీసా చాలులే" అన్నవాళ్లే క్రిబిన్ దగ్గర పక్కవాళ్ల సీసాని ఆప్యాయంగా చూస్తారు.

ఎండని నమ్మి రెయిన్ జాకెట్ కారులో వదిలేసిన వాళ్ల గురించి ప్రత్యేక విచారణ జరగాలి. కింద 22 డిగ్రీలుంటే పైన 19 ఉంటుంది, ఇక గాలి చేసే పని వేరు. మన ఎండలకి కాటన్ బట్టే దిక్కు. అక్కడ మాత్రం ఎక్కేటప్పుడు చెమటకి తడిసిన కాటన్ చొక్కా గట్టు మీద గాలికి ఒంటికి అతుక్కుని వణికిస్తుంది. పాలియెస్టరో, మెరీనో ఉన్నియో వేసుకుంటే తొందరగా ఆరుతుంది. వానకి తెచ్చుకున్న జాకెట్ ఎండ పూట కూడా సంచిలోనే ఉండాలి, ఆ ఎండ సాయంత్రం దాకా ఉంటానని సంతకం పెట్టలేదు.

తలకాయల లెక్క ఇంకో తలనొప్పి. వానలో పదిహేనుమంది ఒక ముద్దగా కదులుతారు, ఎండలో అర కిలోమీటర్ పొడవున సాగుతారు. అందుకే వెనక చివరి మనిషిగా ఒకరిని నియమించి, వాళ్లని ఎవరూ దాటి వెనకపడకూడదని ముందే చెప్పాలి. ప్రతి గేటు దగ్గర లెక్కపెట్టాలి. ఎవరి మడమైనా మెలిపడితే విజిల్ నిమిషానికి ఆరుసార్లు ఊది, నిమిషం ఆగి మళ్లీ ఊదాలి. ఫోన్ అందితే అక్కడి అత్యవసర నంబరు 999కి చేసి ముందు పోలీసుల్ని, తర్వాత మౌంటెన్ రెస్క్యూని, అంటే కొండల మీద చిక్కుకున్నవాళ్లని కాపాడే దళాన్ని, అడగాలి. వచ్చేవాళ్లంతా జీతం లేని వాలంటీర్లు, వాళ్ల ఆదివారం కూడా ఎండగానే ఉంది పాపం.

ఇక నిక్కర్లు. వానాకాలంలో కనిపించని మోకాళ్లన్నీ ఎండ పూట బయటికొచ్చి నడుమెత్తు పెరిగే బ్రాకెన్ అనే ఫెర్న్ పొదల్లో దూరతాయి. అక్కడ పిడుదులు వీటి కోసమే కాచుక్కూర్చుంటాయి. ఇంటికెళ్లాక మోకాలి వెనక, గజ్జల్లో వెతకాలి. దొరికితే సన్నమూతి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా, మెల్లగా లాగాలి. మెలిపెట్టకూడదు, వ్యాజలీన్ పూయకూడదు, అగ్గిపుల్ల అసలు వెలిగించకూడదు. తర్వాతి వారాల్లో చుట్టూ ఎర్రటి మచ్చ వ్యాపిస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. వెళ్లినప్పుడు ఆ రోజు ఎండ కాసిందని చెప్పండి, వేల్స్ డాక్టర్ ముందు ఆ సంగతే నమ్మడు.