రిఫర్ చీటీయే వైద్యమా?

కాన్పు బాగానే అయింది. బిడ్డ ఏడ్చింది. స్వీట్లు తేవడానికి ఎవరో బజారుకు వెళ్లారు కూడా. అంతలో నర్సు బయటికొచ్చి ‘రక్తం కావాలి, మీలో ఎవరిది ఏ గ్రూపు?’ అని అడుగుతుంది. కాసేపటికి గుమ్మం ముందు 108 ఆగుతుంది, భర్త చేతిలో రిఫర్ చీటీ పడుతుంది. సర్కారు దవాఖానాల్లో ఎన్నో బాలింత మరణాలకు మొదలు ఇదే.

కాన్పులు ఆస్పత్రుల్లోనే జరగాలని 2005లో జననీ సురక్ష యోజన తెచ్చారు. జనం నమ్మి వచ్చారు. ఫలితమూ కనిపించింది. 2018-20 లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకు దేశంలో 97 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43 మంది తల్లులు చనిపోయారు. మనం మెరుగే, కాదనం. కానీ అదే లెక్కలో కేరళది 19.

తల్లుల ప్రాణం తీసేవాటిలో మొదటిది రక్తస్రావం. అర లీటరు దాటితే ప్రమాదమని పాఠంలో ఉంటుంది. కాన్పు బల్ల దగ్గర మాత్రం తడిసిన గుడ్డలనూ కింద పెట్టిన బేసిన్‌నూ చూసి అంత పోయింది, ఇంత పోయిందని అంచనా వేస్తారు. కంటి అంచనా దాదాపు ఎప్పుడూ తక్కువే చెబుతుంది. కొలత గీతలున్న ప్లాస్టిక్ షీటును తల్లి కింద పరిచి, గీత దాటగానే చేయాల్సిన చికిత్సలన్నీ ఒకేసారి మొదలుపెట్టి నాలుగు ఆఫ్రికా దేశాల్లో చూశారు. తీవ్ర రక్తస్రావం, దానివల్ల వచ్చే ఆపరేషన్లు, మరణాలు కలిపి 60 శాతం తగ్గాయని 2023లో తేలింది. దీనికి సూపర్ స్పెషాలిటీ అక్కర్లేదు. గర్భసంచిని బిగించి రక్తస్రావాన్ని ఆపే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్‌ను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి, అంతే. కరెంటు పోతే ఆ ఫ్రిజ్ గతేమిటో స్టోర్ రూమ్‌కే తెలియాలి.

మన గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనతే. మరొకరు తట్టుకునే రక్తస్రావం వీరిని పడేస్తుంది. బీపీ పెరిగి ఫిట్స్ వస్తే, పల్లెల్లో గుర్రపువాతం అంటారే, అక్కడా ఇదే వరస: సమయానికి మెగ్నీషియం ఇంజెక్షన్ పడాలి. రాత్రి పదింటికి మత్తు డాక్టర్ లేకపోతే సిజేరియన్ లేదు, మళ్లీ రిఫరే. పాడేరు నుంచి విశాఖకు ఘాట్ రోడ్డు మీదుగా వంద కిలోమీటర్ల పైమాటే.

మందు ఉన్నంత మాత్రాన సరిపోదని 2024 నవంబరులో బళ్లారి చూపింది. అక్కడ సిజేరియన్ అయిన బాలింతలు వరుసగా చనిపోతే, ఎక్కించిన సెలైన్ నాణ్యత మీదే అనుమానం వచ్చింది.

ప్రతి మరణం మీదా సమీక్ష జరగాలన్నది నిబంధన. చివరకు ‘ఆలస్యంగా తీసుకొచ్చారు’ అని రాసి, ఆశాకో ఏఎన్ఎంకో మెమో ఇస్తే ఆ ఫైలు మూతపడుతుంది. మేం అడిగేది వేరే లెక్క. తల్లి మొదటి ఆస్పత్రి గడప ఎన్నింటికి తొక్కింది? ఎన్ని ఆస్పత్రులు తిరిగింది? మొదటి రక్తం సీసా ఎన్నింటికి ఎక్కింది? పేర్లు తీసేసి, ఈ మూడింటినీ జిల్లాలవారీగా ప్రతి నెలా బయటపెట్టాలి.