నల్లగీతకి నిమ్మరసం రాయమని ఎవరు చెప్పారు?

"మీ గోళ్లే మీ హెల్త్ రిపోర్టు" అన్న మెసేజి గుంటూరు, విజయవాడ గ్రూపుల్లో మళ్లీ తిరుగుతోంది. అపార్ట్‌మెంటు గ్రూపు, టెన్త్ బ్యాచ్ గ్రూపు, దేన్నీ వదల్లేదు. తెల్లమచ్చలుంటే కాల్షియం లేదట. గోటి మొదట్లో తెల్లటి అర్ధచంద్రం కనపడకపోతే గుండె బలహీనమట. నిలువు గీతలైతే కిడ్నీలట. రక్తం తగ్గి గోళ్లు పాలిపోతే బీట్‌రూట్ జ్యూస్ చాలట. గోటి మీద నల్లగీత విటమిన్ బి12 లోపమట, నిమ్మరసంలో పసుపు కలిపి నెల్లాళ్లు రాస్తే పోతుందట.

తెల్లమచ్చలు గోటి మొదట్లో తగిలిన చిన్న దెబ్బల గుర్తులు. కాల్షియం మాత్రలు మింగినా మానినా గోటితోపాటు పెరిగి కత్తెరకి దొరుకుతాయి. అర్ధచంద్రం చాలామందికి చర్మం కింద దాగి ఉంటుంది. సన్నటి నిలువు గీతలు వయసుతో వచ్చేవి. ఈ మూడూ వదిలేయండి.

నల్లగీత దగ్గర మాత్రం ఊరుకోలేను. మన ఒంటిరంగు వాళ్లలో చాలా గోళ్లకి సన్నటి గీతలుండటం మామూలే. బి12 తగ్గితే గోళ్లు నల్లబడతాయన్న మాటా నిజమే, ఒప్పుకుంటున్నాను. కానీ అప్పుడు సాధారణంగా చాలా గోళ్లు, వేలి కణుపులు కూడా నల్లబడతాయి. పెద్దవాళ్లలో ఒక్క గోటికే, అందులోనూ చేతి బొటనవేలికో కాలి బొటనవేలికో కొత్తగా గీత పుట్టి, 3 మిల్లీమీటర్లు దాటి, వెడల్పవుతూ, పక్క చర్మంలోకి పాకుతుంటే అది మెలనోమా అనే క్యాన్సర్ కావచ్చు. రంగు పుట్టేది గోటి వేరులో. పైన రాసిన నిమ్మరసం అక్కడికి ఏ దారిన వెళ్తుంది? పైగా పసుపు పట్టి గీత అంచులు సరిగ్గా కనపడవు. ఈ క్యాన్సర్ ఎంత లోతుకి దిగిందో మిల్లీమీటర్లలో కొలిచి చికిత్స నిర్ణయిస్తారు. అలాంటి జబ్బుకి నెల్లాళ్లు ఆగమంటారా!

తలుపు సందులో నలిగిన గోరైతే తేలిగ్గా తెలుస్తుంది. చేతి గోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, కాలి గోరు దాదాపు అందులో సగం. నలుపు ముందుకి జరిగి వెనక శుభ్రమైన గోరు వస్తే గడ్డకట్టిన రక్తం. వేరు నుంచి చివరిదాకా గీత అలాగే నిలిస్తే స్కిన్ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. గోరింటాకు, పాలిష్ లేని గోటి పక్కన స్కేలు పెట్టి, పగటి వెలుతురులో తీసిన ఫొటోలు పట్టుకెళ్లండి. డెర్మోస్కోపుతో, అంటే చర్మాన్ని పెద్దది చేసి చూపే పరికరంతో చూసి, అనుమానముంటే వేలికి మత్తిచ్చి వేరు దగ్గర ముక్క తీసి పరీక్షకి పంపుతారు. గుంటూరు ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లోనూ చర్మ విభాగం ఉంది.

ఇక బీట్‌రూట్. 100 గ్రాములకి ఐరన్ సుమారు 1 మిల్లీగ్రాము, అంతే. గోరు చెంచాలా గుంటపడి నీటిబొట్టు నిలుస్తుంటే ఐరన్ తగ్గిందేమో తెలుసుకోడానికి సీబీపీ, ఫెరిటిన్ అనే రక్తపరీక్షలు చేయించండి. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకున్న గోళ్లలో పాలిపోవడం తెలియదు, కింది కనురెప్ప లోపల చూడాలి.

అసలు చెప్పాల్సిన గుర్తుని ఆ మెసేజి వదిలేసింది. రెండు చూపుడువేళ్ల గోళ్లని వీపుకి వీపు ఆనించండి. మధ్యలో డైమండు ఆకారంలో చిన్న సందు కనపడాలి. ఆ సందు మూసుకుపోయి, వేలి చివర్లు ఉబ్బి ఉంటే, అది పుట్టుకతో ఉన్నది కాకపోతే, ఊపిరితిత్తులు, గుండె చూపించుకోవాలి. ముందు తీయించాల్సింది ఛాతీ ఎక్స్‌రే.