కుక్క గుంతలు తవ్వకుండా "గ్యారంటీ చిట్కాలు" అంటున్న ఆ ఫార్వర్డ్ సంగతి

పెరడంతా తవ్వేసే కుక్కని వారంలో మాన్పించొచ్చు అంటూ ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది, కుక్కలున్నవాళ్ళ ఏ గ్రూపులో చూసినా అదే. చూడనివాళ్ళ కోసం అందులో ఉన్నది ఇది: కుక్క మన మీద కసితో తవ్వుతుంది, తవ్వాక దాని మొహం చూస్తే తప్పు చేశానని తెలిసినట్టే ఉంటుంది, కాబట్టి గుంతలో నీళ్ళు నింపి మూతి ముంచండి, లేదా దాని పెంటే అందులో వేసి పూడ్చండి, కారం చల్లండి, కలరా ఉండలు పెట్టండి, గోళ్ళు బాగా లోపలికంటా కత్తిరించండి, అయినా మానకపోతే కాల్షియం తక్కువైనట్టే, టానిక్ పట్టండి. ఇన్ని చెప్పినాయన అసలు ఎందుకు తవ్వుతోందో ఒకసారి చూడండి అని మాత్రం ఒక్క ముక్క రాయలేదు.

ముందు ఆ కసి, తప్పు చేసిన మొహం సంగతి. అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో సరిగ్గా దీని మీదే ఒక ప్రయోగం వివరాలు ప్రచురించారు, 14 పెంపుడు కుక్కలతో. ఎదురుగా పెట్టిన తిండి తినొద్దని కుక్కకి చెప్పి యజమాని గది బయటికి వెళ్ళాలి, తిరిగొచ్చాక కుక్క తిన్నదో లేదో ఆయనకి చెప్తారు, కాకపోతే ఒక్కోసారి అబద్ధం చెప్తారు. తేలిందేంటంటే ఆ తల దించుకుని, చెవులు వెనక్కి వాల్చి, పక్కచూపులు చూసే మొహం తిన్నందుకు కాదు, తిట్టినందుకు వచ్చింది. ఏమీ తినని కుక్క కూడా తిట్లు పడితే అదే మొహం పెట్టింది. అంటే అది మీ గొంతు చూసి పడుతున్న భయం అంతే, మీ గులాబీ మొక్కకి పశ్చాత్తాపం కాదు.

నీళ్ళలో మూతి ముంచడం కొత్తదేం కాదు, విలియం కోలర్ అనే అమెరికన్ ట్రైనర్ 1962లో రాసిన పుస్తకంలో ఉన్న పద్ధతే, అప్పట్నుంచీ చేతులు మారుతూ ఇప్పుడు మన ఫోన్లోకి వచ్చింది. కుక్క చేసిన పనికీ శిక్షకీ మధ్య ఒకట్రెండు క్షణాలు దాటితే రెండూ కలిపి చూసుకోవడం దానికి రాదు. పొద్దున తవ్వింది, మీరు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి మెడ పట్టుకుని ముంచారు, దానికేం అర్థమవుతుంది? ఈ మనిషి దగ్గరికొస్తే ఊపిరాడదు అని. ఇకమీదట మీరు లేనప్పుడు తవ్వుతుంది, మీరు పిలిస్తే రాదు, ఎప్పుడో ఒకసారి చెయ్యి కూడా కొరుకుతుంది. పైగా ముక్కులోంచి నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతే అదో పెద్ద జబ్బు.

పెంట వేసి పూడ్చే చిట్కా కొన్ని కుక్కల దగ్గర పనిచేస్తుంది, కాదనను, కానీ ఆ గుంత వరకే, మర్నాడు పక్కనే ఇంకోటి తవ్వుతుంది. కొన్నైతే దాన్నే తవ్వి తీసి తింటాయి కూడా. అసలు ప్రమాదం ఏంటంటే కుక్క పేగుల్లో ఉండే ఏలికపాముల గుడ్లు మట్టిలో నెలలూ ఏళ్ళూ బతికే ఉంటాయి, కొంకి పురుగు పిల్లలు చెప్పుల్లేని కాళ్ళ చర్మంలోంచే లోపలికి పోతాయి. పిల్లలు ఆడుకునే పెరట్లో అది పూడ్చమని చెప్పేవాళ్ళకి ఏం చెప్పాలి.

కారం, కలరా ఉండలు మాత్రం అన్నిటికంటే దారుణం. ఆ మట్టిలో గీకిన కాలితోనే కుక్క మొహం రుద్దుకుంటుంది, కారం కంట్లో పడుతుంది, ఇంకా మండి ఇంకా రుద్దుతుంది, కనుగుడ్డు మీద గీత పడే దాకా. ఇక కలరా ఉండల్లో ఉండేది నాఫ్తలీన్, కుక్క మింగితే వాంతులతో మొదలై ఎర్ర రక్తకణాలు పగిలిపోయే దాకా వెళ్తుంది, చిగుళ్ళు పాలిపోతాయి, ఒక్క ఉండే చిన్న కుక్కకి ప్రాణం మీదికి తేగలదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అచ్చం అదే. వాడేసిన కాఫీ పొడి చల్లమనేవాళ్ళూ ఉన్నారు, కెఫీన్ కూడా కుక్కలకి విషమే. ఎరువుల గురించి ఎవరూ చెప్పరు గానీ మొక్క పాదులో ఎముకల పొడి వేస్తే ఆ వాసనకే కుక్క వచ్చి తవ్వుతుంది, ఆముదపు చెక్క వేస్తే అందులో రైసిన్ అనే విషం ఉంటుంది, అది తిని కుక్కలు చచ్చిపోయిన కేసులున్నాయి. కొత్తగా నాటిన మొక్కల దగ్గరే తవ్వుతోందంటే ముందు ఎరువు సంచీ మీద ఏముందో చదవండి.

గోళ్ళ సంగతి రెండు మాటలు చాలు: గోరు లోపల రక్తనాళం, నరం ఉంటాయి, అక్కడిదాకా కత్తిరిస్తే రక్తం కారుతుంది, నొప్పి తట్టుకోలేదు, ఇంక జన్మలో గోళ్ళు తీయించుకోదు. కాల్షియానికీ తవ్వడానికీ సంబంధం లేదు. మట్టి *తింటుంటే* అది వేరే విషయం, నులిపురుగులు, రక్తహీనత, పేగుల జబ్బు ఏదైనా కావచ్చు, డాక్టర్‌కి చూపించాలి. మీ అంతట మీరు కాల్షియం పోస్తే ఎదిగే పెద్ద జాతి పిల్లలకి ఎముకలు పాడవుతాయి.

మరి ఏం చెయ్యాలి అంటారా, గుంత ఎక్కడుందో ఎలా ఉందో చూడండి, సగం సమాధానం అక్కడే దొరుకుతుంది. ఎండాకాలం చెట్టు నీడలోనో గోడ వారనో లోతు లేకుండా పళ్ళెంలా ఉంటే అది పడక. ముందు కాళ్ళతో పైనున్న వేడి మట్టి లాగేస్తుంది, ఒకట్రెండు చుట్లు తిరుగుతుంది, జుట్టు పలచగా ఉండే పొట్ట చల్లటి మట్టికి ఆనించి వెనక్కాళ్ళు బారజాపి పడుకుంటుంది, దానికి కారమెందుకండీ, నీడ, నీళ్ళు, తడి గోనెపట్టా చాలు. లేదంటే ఎండవేళ ఇంట్లో పడుకోనివ్వండి.

గుంతలు వరసగా, సొరంగంలా పోతుంటే కింద ఎలుక ఉంది. ముక్కు పెట్టి ఒక్క క్షణం కదలకుండా చెవులు నిక్కించి విని మళ్ళీ మొదలెడుతుంటే అనుమానమే అక్కర్లేదు. ఎలుకల సంగతి చూడాలి, కానీ ఎలుకల మందు మాత్రం పెట్టకండి, ఆ మందు తిన్న ఎలుకని తింటే కుక్కకీ అదే గతి పట్టొచ్చు. కంచె పొడవునా తవ్వితే బయటికి పోవాలని, అక్కడ ఇనప వల అడుగు లోతున లోపలివైపుకి మడిచి పాతిపెడితే ఆగుతుంది, బయట ఏముందో కూడా చూసుకోండి. ఆడకుక్క ఎదకొచ్చిన (హీట్) ఆరెనిమిది వారాలకి మూల మూలలా తవ్వుతూ బొమ్మల్ని పోగేస్తుంటే, మగకుక్కతో కలవకపోయినా కడుపు వచ్చిందని ఒళ్ళు అనుకోవడం అది, తిట్టాల్సిన పనే లేదు, మామూలుగా రెండు మూడు వారాల్లో దానంతటదే తగ్గుతుంది.

డాక్స్‌హండ్‌నీ టెర్రియర్‌నీ తెచ్చుకుని తవ్వొద్దంటే ఎలా, వాటిని తరతరాలుగా పెంచిందే బొరియల్లోకి దూరడానికి. వాటికి పెరట్లో ఒక మూల ఇచ్చెయ్యడమే దారి. కుక్క పడుకుంటే పట్టేంత వెడల్పు, రెండడుగుల లోతు, ఇసుక కలిపిన వదులు మట్టి, మొదట్లో బొమ్మని సగం పైకి కనబడేలా పాతిపెట్టండి, తవ్వి తీస్తే మెచ్చుకోండి, తర్వాత్తర్వాత లోతుగా పెట్టండి. వేరేచోట గీకుతుంటే అరవకుండా పిలిచి ఆ మూలకి తీసుకెళ్ళండి. కొన్ని వారాలు పడుతుంది, వారంలో అని నేను చెప్పను.

మీరు గేటు దాటగానే మొదలై, తవ్వడంతో పాటు తలుపులు గీకడం, చొంగ కార్చడం, ఆపకుండా అరవడం కూడా ఉంటే అది విసుగు కాదు, ఒంటరిగా ఉండలేని భయం. దానికి పెరడు మూసేసినా లాభం లేదు, గోళ్ళు విరిగేదాకా గదిలో తలుపు గీకుతుంది. ఫోన్లో వీడియో తీసి డాక్టర్‌కి చూపించండి, మీరు లేనప్పుడు మొదటి అరగంట ఎలా ఉందో అందులో తెలిసిపోతుంది, మందు కావాలో మెల్లగా అలవాటు చేస్తే సరిపోతుందో ఆయన చెప్తారు.