కబురు చేస్తామని కూర్చోబెట్టొద్దు

పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు కాఫీ తాగి, 'ఇంటికెళ్లి కబురు చేస్తాం' అని కారెక్కుతారు. ఆ కబురు రాదు. కాదని చెప్పి ఉంటే ఆ ఇంట్లోవాళ్లు ఒక రాత్రి బాధపడి, మర్నాడు మరో సంబంధం సంగతి ఆలోచించేవారు. చెప్పకపోబట్టి, ఫోను మోగినప్పుడల్లా వాళ్లేనేమోనని ఉలిక్కిపడుతూ నెలలు వెళ్లదీస్తారు. వీడియోగేమ్ కంపెనీలు తమ ఆటగాళ్లను ఏళ్ల తరబడి ఇలాగే కూర్చోబెడుతున్నాయి. అడిగిందల్లా చేయకపోవడం తప్పని మేము అనడం లేదు. చేయలేమన్న ముక్క చెప్పకపోవడం తప్పంటున్నాం.

అమెరికాకు చెందిన వాల్వ్ సంస్థ 2007 అక్టోబరులో విడుదల చేసిన 'టీమ్ ఫోర్ట్రెస్ 2' కథ చూడండి. 2011లో ఈ షూటింగ్ ఆటను ఉచితం చేశారు. 2020 వచ్చేసరికి దాన్ని బాట్లు, అంటే మనిషికి బదులు ప్రోగ్రాము నడిపే ఖాతాలు, ఆక్రమించాయి. ఆటగాడు గది గడప దాటి బయటికి రావడమే ఆలస్యం, ఎక్కడో దూరాన నిలబడ్డ స్నైపర్ బాట్ గురి తప్పకుండా తలకు కొట్టేది. ఓటు వేసి దాన్ని బయటికి పంపుదామంటే బాట్లకూ ఓటుంది. నాలుగైదు బాట్లు ఒక్కటై మనిషినే గెంటేసేవి. ఎవరు మనిషో ఎవరు యంత్రమో పోల్చుకోకుండా పక్క ఆటగాడి పేరునే దొంగిలించి తగిలించుకునేవి. దీనికి విరుగుడుగా వాల్వ్ ఉచిత ఖాతాల చాట్‌పై ఆంక్షలు పెట్టింది. బాట్ల గోల కొంత తగ్గింది కానీ, కొత్తగా చేరిన పిల్లవాడికి 'నేను మనిషినే, గెంటేయకండి' అని చెప్పుకునే దారి కూడా మూసుకుపోయింది.

2022 మేలో అభిమానులంతా ఏకమై సామాజిక మాధ్యమాల్లో గొంతెత్తారు. వాల్వ్ స్పందించింది. మీ మాట విన్నాం, మాకూ ఈ ఆటంటే ప్రేమే, పరిస్థితి మెరుగుపరిచే పనిలో ఉన్నాం అని ప్రకటించింది. అభిమానులు పండగ చేసుకున్నారు. తర్వాత చిన్నాచితకా మార్పులు వచ్చాయి గానీ బాట్లు కదల్లేదు. ఆ రెండు మంచి మాటలను పట్టుకుని వాళ్లు మరో రెండేళ్లు ఎదురుచూశారు. 2024 జూన్‌లో మళ్లీ ఉద్యమం లేచింది, వినతిపత్రంపై మూడు లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. ఆ నెలాఖరుకు బాట్ ఖాతాల మీద పెద్దఎత్తున వేటు పడింది. సంతోషమే. అయితే ఆ మధ్యలో విసిగి ఆటకు దూరమైనవాళ్లకు ఆ సంతోషంలో వాటా లేదు.

వాల్వ్‌లో ఎందుకిలా జరిగిందో ఊహించడానికి ఒక ఆధారం ఉంది. 2012లో బయటికొచ్చిన ఆ సంస్థ ఉద్యోగుల కరదీపిక ప్రకారం అక్కడి బల్లలకు చక్రాలుంటాయి. ఏ పని చేయాలో పైవాళ్లు చెప్పరు. నచ్చిన ప్రాజెక్టు ఉన్నచోటికి ఉద్యోగి తన బల్లను తానే తోసుకెళ్తాడు. సృజనకు అది మేలైన పద్ధతే కావచ్చు. కానీ ఆ పద్ధతిలో పదిహేనేళ్ల పాత ఆట వైపు ఏ బల్లా కదలకపోతే, దాన్ని నమ్ముకున్నవాళ్లకు జవాబు చెప్పే బాధ్యత ఎవరిది? ఈ ఆటపై ఇప్పుడు ఇంతమందిమే ఉన్నాం, పెద్ద మార్పులు ఆశించకండి అని 2022లోనే చెప్పాల్సింది. అభిమానులు కోప్పడేవారు. కోపం పది రోజుల్లో చల్లారుతుంది, ఆశ అలా చల్లారదు.

ఆటగాళ్లు కోరేదల్లా న్యాయమేనని కూడా మేము అనుకోవడం లేదు. పాత మ్యాప్‌ను, అంటే ఆట జరిగే పాత స్థలాన్ని, విడిగా ఒక మోడ్‌గా (ఆడే పద్ధతిగా) పెట్టమని అడుగుతారు. వినడానికి చిన్న కోరికే. కానీ ఆన్‌లైన్‌లో ఉన్నవాళ్లను ఒక వరుసకు బదులు రెండు వరుసల్లో నిలబెడితే, ఏ వరుసలోనూ సరిపడా మంది ఉండరు. మ్యాచ్ కుదరడానికి ఎక్కువసేపు పడుతుంది. నిన్నగాక మొన్న చేరినవాడికి ఆరితేరినవాడు ఎదురుపడతాడు. అడిగినవాళ్లే వారం తిరక్కుండా మ్యాచ్ దొరకడం లేదని గగ్గోలు పెడతారు. నొప్పి ఎక్కడుందో ఆటగాడు చెప్పినంత కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. మందు మాత్రం అతడు చెప్పిందే కానక్కర్లేదు. ఆ తేడా వివరించి చెబితే అర్థం చేసుకోలేనంత మూర్ఖులు కారు ఆటగాళ్లు.

బ్రిటన్‌లో కేంబ్రిడ్జ్‌కు చెందిన జాగెక్స్ సంస్థ ఈ పని చేసి చూపించింది. తన ఆన్‌లైన్ ఆట 'రూన్‌స్కేప్' కొత్త పోకడలు నచ్చక పాత ఆటే కావాలని అభిమానులు పట్టుబడితే, 2013 ఫిబ్రవరిలో ఓటింగ్ పెట్టింది. నాలుగు లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. 2007 నాటి కాపీని బయటికి తీసి అందించింది. అంతటితో ఆగకుండా, ఇకపై కొత్తగా ఏది చేర్చాలన్నా 75 శాతం మంది ఒప్పుకోవాలని గీత గీసింది. ఆ గీతను 2022లో 70కి దించింది. 2019లో 'వార్డింగ్' అనే కొత్త నైపుణ్యాన్ని ఎంతో శ్రమపడి రూపకల్పన చేసి ఓటుకు పెట్టింది. 66 శాతం మంది సరేనన్నారు. మూడింట రెండొంతుల మంది కోరిన దాన్ని, అప్పటి 75 శాతం గీత దాటలేదు కాబట్టి పక్కన పెట్టేసింది. కావాలన్నవాళ్లు నొచ్చుకున్నారు, కానీ మోసపోలేదు. ఎందుకు రాలేదో వాళ్లకు అంకెతో సహా తెలుసు. 2023లో 'సెయిలింగ్' అనే మరో నైపుణ్యం 70 శాతం గీత దాటింది. తయారవడానికి రెండేళ్లు పట్టినా, 2025 నవంబరులో ఆటలోకి వచ్చింది. ఆట సమతూకానికి సంబంధించిన కొన్ని మార్పులను ఓటుకు పెట్టబోమని కూడా ఆ సంస్థ దాపరికం లేకుండా చెబుతుంది. మాకు అన్నిటికంటే నచ్చింది అదే.

అభిమానులకూ ఒక మాట చెప్పాలి. 'నో మ్యాన్స్ స్కై' అనే ఆట విడుదలను 2016 జూన్ నుంచి ఆగస్టుకు జరిపినందుకు దాని సృష్టికర్త షాన్ మర్రేకు చంపుతామన్న బెదిరింపులు వెళ్లాయి. వాయిదా రెండు నెలలు కూడా లేదు! ఏ కోరికా, ఎంత న్యాయమైనదైనా, అక్కడిదాకా వెళ్లకూడదు. అలాగే యూట్యూబ్‌లో ఎవరో ట్రైలర్‌ను ముక్కలు ముక్కలు చేసి ఇది వస్తోంది, అది వస్తోందని చెబితే అది కంపెనీ ఇచ్చిన మాట కాదు. ఇవ్వని మాటకు నిలదీయడం అన్యాయం.

ఇచ్చిన మాటకు మాత్రం నిలదీయాల్సిందే. మన ఊళ్లలో అరుగుల మీద, బస్టాపుల్లో చవక ఫోన్లలోనే పిల్లలు విరివిగా ఆడిన 'ఫ్రీ ఫైర్' 2022 ఫిబ్రవరిలో నిషేధానికి గురైంది. అది ప్రభుత్వ నిర్ణయం, కంపెనీ చేతిలో లేనిది. దాని మరో రూపం 'ఫ్రీ ఫైర్ మ్యాక్స్' దొరుకుతూనే ఉంది కనుక ఆట పూర్తిగా పోయిందనీ అనలేం. కానీ 'ఫ్రీ ఫైర్ ఇండియా' పేరుతో సెప్టెంబరు 5న తిరిగి వస్తున్నామని 2023 ఆగస్టు చివర్లో ప్రకటించింది ఆ ఆట కంపెనీ గరీనాయే. ధోనీని ప్రచారకర్తగా నిలబెట్టింది. తీరా గడువు ముందురోజు, ఆటను ఇంకా మెరుగుపరచాలంటూ కొన్ని వారాలు వాయిదా వేసింది. ఆ ప్రకటన నాడు తొమ్మిదో తరగతిలో ఉన్న పిల్లవాడు 2025 మార్చిలో పదో తరగతి పరీక్షలు రాశాడు. అప్పటికీ ఆట రాలేదు, రాదన్న కబురూ రాలేదు.