అంకె లేని వేరు వేరే కాదు

విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఓ మూలికల కొట్టుంది. పెన్నేరు గడ్డ, అదే అశ్వగంధ, కావాలంటే కొట్టు తాత ఓ వేరు తీసి పుటుక్కున విరుస్తాడు. లోపల తెల్లగా ఉందో లేదో చూస్తాడు. ముక్కు దగ్గర పెట్టుకుని గుర్రం వాసన పసిగడతాడు. ఆనక పాత పేపర్లో పొట్లం కట్టి ఇచ్చేస్తాడు. నడిబజారులో ఇంత అరాచకం! తాత ముక్కుకి కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఎవరిచ్చారు? అసలా గుర్రం ఎవరిది?

"తాతా, ఇందులో వితనోలైడ్లు ఎంత శాతం?" అని బాధ్యత గల పౌరుడిగా అడిగాను. వితనోలైడ్లంటే అశ్వగంధలో మందుగుణం వీటిదేనని లెక్కగట్టే పదార్థాలు.

"ఏటి బావూ, ఏరుకి శాతమేటి? నానేటి వొడ్డీకిస్తన్నానా?"

అందుకే మా మావయ్య అశ్వగంధ పొడి డబ్బా కొన్నాడు. దాని మీద '5 శాతం వితనోలైడ్లు' అని బంగారు అక్షరాలు.

ఆ అయిదు ఊరికే రాలేదు. సారం తీసి, హెచ్‌పీఎల్‌సీ అనే యంత్రంలోకి ఎక్కిస్తే పదార్థాలు ఒక్కొక్కటీ తమ వేళకి బయటికొస్తాయి. 227 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి దగ్గర వాటిని పట్టుకుని, శుద్ధమైన నమూనాతో పోల్చి లెక్క కడతారు. పాత పద్ధతి ఇంకోటుంది: ద్రావకంలోకి దిగినదాన్ని ఆరబెట్టి తూకం వేయడం. ఆ తక్కెడలో వితనోలైడ్లతో పాటు వాటి చుట్టపక్కాలూ ఎక్కి కూర్చుంటారు కాబట్టి అంకె లావెక్కుతుంది. పొడి ఒకటే, అంకెలు రెండు. ఇందులో తప్పేముంది? జాతకాలు కుదరకపోతే మనం పంతులుగారిని మార్చడం లేదూ!

అంకె ఇంకా చాలకపోతే ఆకు ఉంది. వితఫెరిన్-ఎ అనే వితనోలైడ్ వేరులో కంటే ఆకులో ఎక్కువ, పైగా ఆకు చవక. వేరు రాయాల్సిన పరీక్ష పక్కన కూర్చుని ఆకు రాసిపెడుతుంది. 2021లో ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆకు వాడొద్దని తయారీదారులకు చెప్పింది. పిల్లల తెలివిని గుర్తించని ఇన్విజిలేటర్లు అంతటా ఉంటారు.

వేరు మాత్రం ఒట్టి క్రమశిక్షణ లేనిది. ఏ రకం, ఏ నేల, ఎన్నాళ్లకు పీకారు, ఎండలో ఆరబెట్టారా నీడలోనా, ప్రతిదానికీ మాట మారుస్తుంది. పైగా దాని కడుపులో ఆల్కలాయిడ్లూ చక్కెరలూ కూడా ఉన్నాయి. హాజరుపట్టీలో పేరు లేదు కనుక అవి బడికి రానట్టే లెక్క.

డబ్బా మీద మోతాదు 'పావు చెంచా' అని రాసుంది. మా ఇంట్లో చెంచాలు మూడు సైజులు. మావయ్య పెద్దది తీసి, గోపురం కట్టి, పాలగ్లాసు మీదికి పట్టాడు.

"అంతెందుకండీ?" అంటూ అత్తయ్య చిటికెన వేలితో కొంత డబ్బాలోకి తోసేసింది.

"ఇప్పుడు పావేనంటావా?"

"కొంచెం తక్కువే. ముందు తాగండి, చల్లారిపోతోంది."